బీటీ పత్తికి ఏ యూరియా కొనాలి? వేపపూత బస్తా, యూరియా గోల్డ్, నానో సీసాలపై సమీక్ష

వానాకాలం పత్తికి నత్రజని కొందామని ఎరువుల కొట్టుకి వెళితే మూడు సరుకులు చూపిస్తారు. 45 కిలోల వేపపూత యూరియా బస్తా రూ.266.50. 40 కిలోల యూరియా గోల్డ్ బస్తా కూడా రూ.266.50. అరలీటరు నానో యూరియా సీసా రూ.225. ధరలు ఇంత దగ్గరగా ఉంటే మూడూ ఒకే పని చేస్తాయనిపించడం సహజం. కానీ చేయవు. మా తీర్పు ముందే చెప్పేస్తాం. బీటీ పత్తికి అసలు ఎరువు వేపపూత యూరియాయే, అదీ నాలుగు దఫాలుగా మట్టిలో పూడిస్తే. యూరియా గోల్డ్ గంధకం తక్కువున్న చేలకి, మొదటి రెండు దఫాలకే పనికొస్తుంది. నానో సీసా దేనికీ ప్రత్యామ్నాయం కాదు. ఎందుకో లెక్కలతో చూద్దాం.

బస్తాలో ఎంత, సీసాలో ఎంత

వేపపూత యూరియాలో నత్రజని 46 శాతం. 45 కిలోల బస్తాలో 20.7 కిలోలు. కిలో నత్రజని సుమారు రూ.12.90 పడుతుంది. యూరియా గోల్డ్‌లో నత్రజని 37 శాతం, గంధకం 17 శాతం. 40 కిలోల బస్తాలో 14.8 కిలోల నత్రజని, 6.8 కిలోల గంధకం ఉంటాయి. గంధకానికి విలువ కట్టకుండా చూస్తే కిలో నత్రజని రూ.18. నానో యూరియా 2021లో మార్కెట్లోకి వచ్చినప్పుడు అందులో నత్రజని 4 శాతం, అంటే అరలీటరు సీసాలో 20 గ్రాములు. కిలో కింద లెక్కేస్తే రూ.11,250. తర్వాత వచ్చిన నానో యూరియా ప్లస్‌లో లీటరుకి 200 గ్రాముల లెక్కన సీసాకి 100 గ్రాములు. అదీ కిలో రూ.2,250.

ఒక వేపపూత బస్తాలో ఉన్న నత్రజని కావాలంటే పాత నానో సీసాలు 1,035, కొత్తవి 207 కావాలి. ఈ ఒక్క అంకె గుర్తుంటే కొట్టులో సగం మాటలు వినక్కర్లేదు.

పైరుకి కావాల్సింది ఎంతో ఇప్పుడు చూడండి. క్వింటా పత్తి దిగుబడికి మొక్కలు మొత్తం మీద 6 కిలోల పైచిలుకు నత్రజని తీసుకుంటాయి. బీటీ హైబ్రిడ్లకు మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చెప్పే సిఫార్సు ఎకరాకు 60 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 24 కిలోల పొటాష్. భాస్వరం కోసం దుక్కిలో ఒక బస్తా డీఏపీ వేస్తే 9 కిలోల నత్రజని అందులోనే వస్తుంది. మిగతా 51 కిలోలకు 111 కిలోల యూరియా, అంటే రెండున్నర బస్తాలు. ఖర్చు దాదాపు రూ.660. ఎకరా పత్తి మీద పెట్టే పెట్టుబడిలో ఇది దుక్కి ఖర్చు కన్నా తక్కువ. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకి రూ.8,110, అంటే కిలో రూ.81. కిలో నత్రజని రూ.13. పావు కిలో పత్తి అదనంగా వచ్చినా పెట్టిన డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. అందుకే 'ఇంకో బస్తా పోతే పోయింది' అని చల్లేస్తాం. ఆ బస్తా ధర కొట్టులో కట్టిన బిల్లుతో అయిపోదు. ఆకులు ముదురాకుపచ్చగా, మెత్తగా ఎదిగి పచ్చదోమ, తెల్లదోమ ఎక్కితే మందు పిచికారీల రూపంలో ఒకసారి, కొమ్మలు కలిసిపోయి అడుగున గాలీ వెలుతురూ ఆడక పూత, పిందె రాలితే రెండోసారి కడతాం. నత్రజని చౌకగా దొరకడమే దాని వృథాకి మొదటి కారణం.

విత్తనం ఏ మేరకు సాయం చేస్తుంది

ముందొక అపోహ తీసేయాలి. 'ఈ బీటీ రకం ఎరువు బాగా వాడుకుంటుంది' అని విత్తనాల కొట్టులో చెబితే అది ఆ హైబ్రిడ్ వేరు వ్యవస్థ గురించో, ఎదుగుదల తీరు గురించో చెప్పిన మాటే తప్ప జన్యుమార్పిడి గురించి కాదు. 2002 మార్చిలో దేశంలో మొదటి బీటీ హైబ్రిడ్లకు అనుమతి వచ్చినప్పుడు వాటిలో ఉన్నది క్రై1ఏసీ అనే ఒక్క జన్యువు. 2006లో వచ్చిన బోల్‌గార్డ్-2లో దానికి క్రై2ఏబీ తోడైంది. రెండూ పురుగుని చంపే ప్రొటీన్ తయారు చేసేవే. నత్రజనిని పొదుపుగా వాడుకునేలా జన్యువు మార్చిన పత్తి మన దేశంలో అమ్మకానికి లేదు. బార్లీ నుంచి తీసిన అలనైన్ అమైనోట్రాన్స్‌ఫరేజ్ జన్యువుని కనోలా అనే ఆవాల జాతి నూనెపంటలో, వరిలో పెట్టి చూసిన పరిశోధనలున్నాయి. అవి వేరే కథ. 'బీజీ-3' పేరుతో చాటుగా అమ్మే కలుపుమందు తట్టుకునే విత్తనానికి అనుమతే లేదు, దానికీ నత్రజనికీ అసలే సంబంధం లేదు.

అయినా బీటీ రావడంతో నత్రజని లెక్క మారిన మాట నిజం. అది పరోక్షంగా మారింది. బీటీ లేని రోజుల్లో తొలి మొగ్గల్ని, పిందెల్ని శనగపచ్చ పురుగు తినేసేది. మొక్క మళ్ళీ మళ్ళీ పూసేది, కాపు ఆరేడు నెలలకు పరుచుకునేది. ఆ హైబ్రిడ్లకు 30, 60, 90 రోజులకు మూడు దఫాలు సరిపోయేవి. బీటీలో తొలి కాపు నిలుస్తుంది. 45వ రోజు నుంచి 90వ రోజు దాకా మొగ్గ, పూత, కాయ మూడూ ఒకేసారి మొక్కని లాగుతాయి. వేరు అందించలేకపోతే మొక్క తన ముదురు ఆకుల్లోని నత్రజనిని కాయలకి తరలిస్తుంది. ఆకు ఎర్రబారడం అనే జబ్బులో సగం ఇదే. మిగతా సగం మెగ్నీషియం లోటు, రాత్రి చలి, నీటి ఎద్దడి. అందుకే సిఫార్సు 20, 40, 60, 80 రోజులకు నాలుగు దఫాలుగా మారింది. ఈ మార్పుని పట్టించుకోకుండా పాత అలవాటులో మొదటి వానకి ఒక బస్తా, నెలన్నరకి ఒక బస్తా వేసి చేతులు దులుపుకునే చేలల్లో, 80వ రోజుకి మొక్క నిండా కాయ ఉంటుంది, కింద నత్రజని ఉండదు.

ఇంకో సంగతి కొంచెం లోతుగా చూడాలి. బీటీ విషం ప్రొటీన్. ప్రొటీన్ కట్టడానికి నత్రజని కావాలి. నత్రజని అందని మొక్క ఆకుల్లో క్రై ప్రొటీన్ తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. వయసు మీద పడే కొద్దీ ఎలాగూ తగ్గుతుంది. ఇది పట్టుకుని 'యూరియా దట్టంగా వేస్తే గులాబీ రంగు పురుగు ఆగుతుంది' అనే మాట ఊళ్ళలో తిరుగుతోంది. అది తప్పు. గులాబీ రంగు పురుగు బోల్‌గార్డ్-2లోని రెండు ప్రొటీన్లకూ తట్టుకునే శక్తి తెచ్చుకుంది. విషం కాస్త పెరిగినా దానికి లెక్కలేదు. పైగా 100 రోజులు దాటాక వేసిన నత్రజని కొత్త మొగ్గ తెప్పించి కాపుని జనవరి దాకా సాగదీస్తుంది. ఆ పురుగుకి అంతకన్నా కావాల్సిందేముంది.

దిగుబడి విషయంలోనూ విత్తనానికి, ఎరువుకి వాటాలు పంచి చూడాలి. దేశ సగటు 2007-08లో హెక్టారుకి 550 కిలోల దూది దాటింది, ఆ తర్వాత అక్కడ నిలబడలేదు. పత్తి శాస్త్రవేత్త కేశవ్ క్రాంతి, మానవశాస్త్ర పరిశోధకుడు గ్లెన్ స్టోన్ 2020లో ఇరవై ఏళ్ళ గణాంకాలు పరిశీలించి, దిగుబడి పెరుగుదలలో ఎరువుల వాడకం పెరగడం పాత్ర పెద్దదని వాదించారు. ఆ వాదనతో ఏకీభవించని వాళ్ళున్నారు. ఏదేమైనా రూ.901 పెట్టి కొన్న 475 గ్రాముల బీటీ విత్తనాల ప్యాకెట్ ఒక్కటే దిగుబడి తెచ్చిపెట్టదు.

వేపపూత యూరియా: నమ్మదగిన సరుకే, వేసే తీరే తప్పు

2015 నుంచి దేశంలో అమ్మే యూరియా అంతటికీ వేపపూత తప్పనిసరి. 2018లో బస్తా 50 నుంచి 45 కిలోలకు తగ్గింది. పూత వల్ల పది శాతం ఆదా అవుతుంది కాబట్టి సరిపోతుందన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. నిబంధన ప్రకారం ఉండాల్సిన వేపనూనె కనీసం 0.035 శాతం, అంటే బస్తాకి 16 గ్రాములు. చారెడు కూడా కాదు. ఈ నూనెలోని చేదు పదార్థాలు అమ్మోనియాని నైట్రేటుగా మార్చే బాక్టీరియాని కొన్నాళ్ళు నెమ్మది చేస్తాయి. నైట్రేటు నీళ్ళతో కిందికి జారిపోతుంది, నీరు నిలిచిన రేగడిలో వాయువుగా మారి పోతుంది. కాబట్టి ఆ మార్పు ఆలస్యమైతే లాభమే. ఎర్ర చల్కల్లో, దుబ్బ నేలల్లో ఈ లాభం కనిపిస్తుంది.

వేప చేయలేని పని ఒకటుంది. యూరియా నేల మీద పడగానే యూరియేజ్ అనే ఎంజైమ్ దాన్ని రెండు నుంచి నాలుగు రోజుల్లో అమ్మోనియాగా విడగొడుతుంది. వేపపూత దీన్ని ఆపదు. క్షారగుణం ఎక్కువై పీహెచ్ 8 దాటిన నల్లరేగడిలో, పైపైన తడి ఉండి ఎండ కాస్తే, అమ్మోనియా గాలిలో కలిసిపోతుంది. నైట్రేటుగా మారడం ఆలస్యమైన కొద్దీ అమ్మోనియా పైపొరలో ఎక్కువ రోజులు ఉంటుంది కాబట్టి, పైన చల్లి వదిలేస్తే వేపపూత యూరియా నష్టం మామూలు యూరియా కన్నా తక్కువేమీ కాదు. ఆదిలాబాద్ రేగళ్ళలో, కర్నూలు నల్లభూముల్లో జరిగే నష్టం ప్రధానంగా ఇదే. దీనికి విరుగుడు ఏ పూతా కాదు, నాలుగు వేళ్ళ లోతున్న మట్టి.

'వాన పడుతుంటే చల్లాం, ఇంకేం పోతుంది' అంటారు. జల్లు వాన అన్నిటికన్నా చెడ్డది. గింజ కరుగుతుంది, లోపలికి దిగదు. మరుసటి రోజు ఎండకి ఆవిరవుతుంది. పొడి నేల మీద పడి ఉన్న గింజ దీనికన్నా నయం. మంచి వాన, కనీసం అర అంగుళం, వెంటనే పడితే యూరియా లోపలికి దిగుతుంది. ఆకాశాన్ని నమ్మి ఎరువు వేయడం ఎవరి వల్లా కాదు కాబట్టి పూడ్చడమే దారి.

వేసే పద్ధతి ఇది. సాలు మధ్య 90 సెం.మీ., మొక్క మధ్య 60 సెం.మీ. ఉంటే ఎకరాకు సుమారు 7,400 మొక్కలు. 111 కిలోలు నాలుగు దఫాలుగా పంచితే దఫాకి 28 కిలోలు, మొక్కకి 3.8 గ్రాములు. అంటే సమంగా గీసిన ఒక చిన్న టీ చెంచా. 10 కిలోల పొటాష్ కలిపితే మొక్కకి 5 గ్రాములు, చెంచా కాస్త శిగ ఉండాలి. మొక్క మొదలుకి జానెడు లోపు, 8 నుంచి 10 సెం.మీ. దూరంలో, కర్రతో 4, 5 సెం.మీ. గుంత చేసి వేసి కాలితో మట్టి తోయాలి. ఒకరు గుంత చేస్తూ పోతుంటే వెనక ఒకరు వేస్తూ కప్పుతూ పోతారు. మొదలుకి ఆనించి వేస్తే లేత వేళ్ళు మాడతాయి, 20 రోజుల మొక్కలో ఇది ఎక్కువ. రెండో దఫా నుంచి, వేళ్ళు పక్కలకి పరుచుకుంటాయి కాబట్టి, గుంతని కొంచెం దూరంగా, ఎదురు పక్కన తీయాలి. అన్నిసార్లూ ఒకే పక్కన వేయొద్దు.

కూలీలు దొరకని చోట సాలు వెంట చారలా పోసి వెంటనే గుంటక తోలించండి. 'వెంటనే' అంటే అదే పూట. పొద్దున యూరియా వేసి మరుసటి రోజు గుంటక పెట్టిస్తే సగం పని చెడినట్టే. నేలలో పదును ఉండాలి. ఎండిన రేగడిలో గింజ కదలక కూర్చుంటుంది, నీరు నిలిచిన చేలో వేస్తే వాయువుగా పోతుంది. చల్కల్లో నాలుగు దఫాల్ని ఐదు చేసి ప్రతిసారీ మోతాదు తగ్గిస్తే ఇంకా మంచిది. సాళ్ళు దగ్గర చేసి, మొక్కలు చిక్కగా పెట్టే అధిక సాంద్రత పద్ధతిలో ఎకరా మోతాదు అదే ఉంచి, మొక్కకి పడే గ్రాముల్ని మొక్కల సంఖ్యతో మళ్ళీ లెక్కేసుకోండి. అక్కడ చెంచా కొలత పనికిరాదు, చార పద్ధతే మేలు. ఎదుగుదల అదుపు తప్పితే మెపిక్వాట్ క్లోరైడ్ పిచికారీ ఉంది, కానీ ఒక చేత్తో యూరియా దట్టించి ఇంకో చేత్తో ఎదుగుదల ఆపే మందు కొట్టడం డబ్బు రెండుసార్లు తగలేయడమే.

డ్రిప్ ఉన్నవాళ్ళకి ఈ బాధలేవీ లేవు. ఎనిమిది, పది విడతల్లో కొంచెం కొంచెంగా పంపొచ్చు. వేపపూత వల్ల కరిగిన నీటి మీద జిడ్డు తేలుతుంది, గుడ్డతో వడగట్టి ట్యాంకులో పోయండి, ఫిల్టరు కడుగుతూ ఉండండి.

సరుకు నాణ్యత గురించి ఫిర్యాదు చేయడానికి పెద్దగా లేదు. గడ్డకట్టిన బస్తాని తిప్పి ఇచ్చేయడం మంచిది. పనికిరాదని కాదు, చెంచాతో సమంగా పడదని. యూరియాని సూపర్ ఫాస్ఫేట్‌తో కలిపి ఉంచితే పేస్టులా మారుతుంది. పొటాష్‌తో కలిపినా ఆ పూట వాడేయాలి. పొటాష్ ఎగ్గొట్టి యూరియా మాత్రమే వేసే అలవాటు గురించి ఒక్క మాట. కాయ నిండాలంటే పత్తికి నత్రజని ఎంత కావాలో పొటాష్ కూడా ఇంచుమించు అంతే కావాలి. 40 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ లేకుండా మూడు బస్తాల యూరియా వేసిన చేలో ఆకు బాగుంటుంది, కాయ గోలీ అంత ఉంటుంది.

యూరియా గోల్డ్: మంచిదే, అందరికీ కాదు

2023 జులైలో ఇది వచ్చింది. యూరియా గింజ చుట్టూ గంధకం పూత. రెండు లాభాలు చెబుతారు: నెమ్మదిగా కరగడం, గంధకం అందడం. రెండూ నిజమే, షరతులతో.

నెమ్మదిగా కరగడం పూత పగలనంత వరకే. కొక్కేలతో లాగిన బస్తా, లారీ నుంచి విసిరిన బస్తా అడుగున పొడి పేరుకుంటే అందులో ఉన్నది మామూలు యూరియా, విడి గంధకం. బస్తా మూట విప్పి అడుగు నుంచి గుప్పెడు తీసి చూడండి. గింజ గుండ్రంగా, పసుపు పూతతో ఉండాలి. ఇక పూతలోని గంధకం మూల రూపంలో ఉంటుంది. మొక్క తీసుకునేది సల్ఫేటుని. నేలలోని బాక్టీరియా మార్చాలి, దానికి తేమ, వెచ్చదనం, కొన్ని వారాలు కావాలి. కాబట్టి 20వ రోజు, 40వ రోజు దఫాలకు బాగుంటుంది. 80వ రోజున వేస్తే గంధకం ఈ పంటకి అందదు, నత్రజని ఆలస్యంగా వదిలి లేనిపోని పచ్చదనం తెస్తుంది.

మీ చేలో గంధకం తక్కువుందా అన్నది మొదటి ప్రశ్న. లేత ఆకులు పాలిపోతే గంధకం లోటు, ముదురు ఆకులు ముందు పసుపెక్కితే నత్రజని లోటు. ఈ తేడా చూసుకోండి. భూసార పరీక్ష కార్డులో గంధకం అంకె ఉంటుంది, అది చూడటం ఇంకా ఖాయం. పత్తికి ఎకరాకు 8 నుంచి 10 కిలోల గంధకం చాలు. దుక్కిలో మూడు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేసినవాళ్ళకి 24 కిలోల భాస్వరంతో పాటు 16 కిలోల గంధకం ఇప్పటికే పడింది. 20-20-0-13 కాంప్లెక్స్ ఎరువు (చివరి అంకె గంధకం శాతం) బస్తా వేస్తే 6.5 కిలోలు పడింది. వాళ్ళు మళ్ళీ యూరియా గోల్డ్‌కి పోవడం దండగ. డీఏపీ, 28-28-0 మాత్రమే వాడే చేలల్లో గంధకం రాదు, యూరియా గోల్డ్ ఆ రైతుల సరుకు. వాళ్ళయినా మొదటి దఫాకి ఒక బస్తా వేస్తే 14.8 కిలోల నత్రజని, 6.8 కిలోల గంధకం వస్తాయి. మిగతా దఫాలు వేపపూతతో నడిపించొచ్చు.

'15 కిలోల యూరియా గోల్డ్ 20 కిలోల యూరియాకి సమానం' అని ప్రచారం. నత్రజని లెక్కన అది 5.55 కిలోలు, 9.2 కిలోల పని చేయడం. అంటే నలభై శాతం తగ్గించమన్నట్టు. గంధకం బాగా తక్కువున్న నేలలో తేడా కొంత పూడొచ్చు. మిగతాచోట బస్తాకి బస్తా మార్చి, పైగా మోతాదు కూడా తగ్గిస్తే, కాయ పట్టే వేళకి పైరు ఆకలితో ఉంటుంది. మొత్తం 51 కిలోలూ గోల్డ్ నుంచే ఇవ్వాలంటే మూడున్నర బస్తాలు, సుమారు రూ.920. వేపపూత కన్నా రూ.260 ఎక్కువ.

నానో యూరియా: చెప్పింది ఎక్కువ, ఇచ్చేది తక్కువ

తయారీదారుల వాదన న్యాయంగా చెప్పాలి. రేణువులు చాలా చిన్నవి కాబట్టి ఆకు రంధ్రాల ద్వారా నేరుగా లోపలికి పోతాయని, నేలలో వేసిన యూరియాలో పైరుకి అందేది ఎలాగూ సగం కన్నా తక్కువేనని, అందువల్ల పైపాటు యూరియాని సగానికి తగ్గించవచ్చని అంటారు. మొదటి భాగంతో పేచీ లేదు. రెండోదీ నిజమే. మూడోది మాత్రం లెక్కకి నిలవదు. 20 గ్రాముల నత్రజని గ్రాము కూడా పోకుండా మొక్కకి ఎక్కిందనుకున్నా, క్వింటాకి 6 కిలోల లెక్కన అది 330 గ్రాముల పత్తికి సరిపోతుంది. మద్దతు ధరకి రూ.27. సీసా రూ.225. కొత్త ప్లస్ సీసా లెక్కేసినా 1.67 కిలోల పత్తి, రూ.135.

పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వరి, గోధుమల్లో రెండేళ్ళు ప్రయోగాలు చేసి, యూరియా తగ్గించి నానో పిచికారీ చేస్తే వరిలో 13 శాతం, గోధుమలో 21.6 శాతం దిగుబడి పడిపోయిందని ప్రకటించింది. గింజలో ప్రొటీన్ కూడా తగ్గింది. అవి తిండిగింజలు, పత్తి కాదు, అంకెల్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేం. కానీ కారణం ఒకటే: ఆకు మీద గ్రాముల్లో ఇచ్చింది వేరు కిలోల్లో తీసుకునేదాన్ని భర్తీ చేయదు.

ఆకు మీద నత్రజని ఇవ్వాలనే ఉంటే బస్తాలోని యూరియానే కరిగించి కొట్టండి. లీటరు నీటికి 20 గ్రాములు, ఎకరాకు 200 లీటర్లు. 4 కిలోల యూరియా, అందులో 1.84 కిలోల నత్రజని, ఖర్చు రూ.24. ఇది 92 పాత నానో సీసాలకు సమానం. 40 రోజుల లోపు మొక్కకి లీటరుకి 10 గ్రాములే. సాయంత్రం చల్లబడ్డాక కొట్టాలి, మధ్యాహ్నం ఎండలో కొడితే ఆకు అంచులు మాడతాయి. యూరియాలో ఉండే బైయూరెట్ అనే మలినం కూడా అందుకు కొంత కారణం. వడగట్టకపోతే నాజిల్ మూసుకుంటుంది.

ఈ పిచికారీ ఎప్పుడు అక్కరకొస్తుంది? వాన ముసురు పట్టి నాలుగైదు రోజులు చేలో నీరు నిలిచినప్పుడు. వేరుకి గాలి ఆడదు, నేలలో ఎంత యూరియా ఉన్నా పీల్చలేదు, మొక్క వాలిపోయి పసుపెక్కుతుంది. ముందు నీళ్ళు తీసేసి, 2 శాతం యూరియా గానీ లీటరుకి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ గానీ వారం తేడాతో రెండుసార్లు కొడితే తేరుకుంటుంది. నేల ఆరి పదునుకొచ్చాక పోయిన దఫాని మట్టిలో మళ్ళీ ఇవ్వాలి. కాయ బరువు మీద ఉన్న 70–90 రోజుల మొక్కకీ పొటాషియం నైట్రేట్ బాగా పనిచేస్తుంది. ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో ఎర్రబారుతుంటే అది నత్రజని అడగడం కాదు, మెగ్నీషియం లోటు; లీటరుకి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కొట్టాలి. 45, 75 రోజులకు ముందుగానే కొట్టుకుంటే ఇంకా మేలు.

మీ చేలోనే పరీక్ష

పైన చెప్పిందేదీ గుడ్డిగా నమ్మక్కర్లేదు. చేను మధ్యలో, గట్టుకి దూరంగా, ఐదు సాళ్ళు ఇరవై మీటర్ల పొడవున గుర్తు పెట్టి వాటికి నత్రజని అసలు వేయకండి, భాస్వరం, పొటాష్ మాత్రం వేయండి. డీఏపీ బదులు అక్కడ సూపర్ వాడాలి, లేకపోతే నత్రజని పడిపోయినట్టే. పక్కనే అంతే కొలతలో మామూలు ఎరువు. ఏరిన ప్రతిసారీ రెండింటి పత్తి విడిగా తూకం వేయండి. ఎకరాకి మార్చాక తేడాని వేసిన నత్రజనితో భాగించండి. ఉదాహరణకి ఎరువు వేసినచోట 8 క్వింటాళ్ళు, వేయనిచోట 5 వస్తే, 300 కిలోలని 60తో భాగిస్తే కిలో నత్రజనికి 5 కిలోల పత్తి. రెండు కిలోల దగ్గరే ఆగిపోతే మీ నత్రజని ఎక్కడో పోతోంది: పైన చల్లడం, నీరు నిలవడం, పొటాష్ లోటు, ఈ మూడింటిలో ఏదో ఒకటి. వేయనిచోట కూడా దాదాపు సమానంగా వస్తే గత పంట నుంచో, పశువుల ఎరువు నుంచో నేలలో నిల్వ ఉంది. వచ్చే ఏడు ఒక దఫా తగ్గించొచ్చు. సోయా తర్వాత వేసిన పత్తిలో ఇలా జరుగుతుంటుంది.

ఇంకో సాలు నాలుగో దఫా మాత్రం ఆపి చూడండి. రేగడిలో వానలు నవంబరు దాకా సాగని ఏడు ఆ దఫా చాలాసార్లు పత్తిగా మారదు. పదును లేని నేలలో 80వ రోజు యూరియా వేయడం కన్నా పిచికారీతో సరిపెట్టడం తెలివి.

కొట్టులో జాగ్రత్తలు

2025 ఆగస్టులో తెలంగాణలో యూరియా కోసం పొడవైన వరుసలు చూశాం. కొరత రోజుల్లో 'సీసా కొంటేనే బస్తా' అనే కొట్లు ప్రతిచోటా తయారవుతాయి. అలా లంకె పెట్టి అమ్మడానికి వీల్లేదు. వేలిముద్ర వేశాక యంత్రం నుంచి వచ్చే బిల్లు అడిగి తీసుకోండి, అందులో ఎన్ని బస్తాలు రాశారో, ఏ ధర వేశారో అక్కడే చూడండి. సీసా అంటగడితే దాన్ని కూడా బిల్లులో రాయించి మండల వ్యవసాయాధికారికి చూపించండి. మొత్తం పంటకి కావాల్సిన రెండున్నర బస్తాలు ఒకేసారి తెచ్చి తేమ తగలని చోట చెక్కల మీద పేర్చుకుంటే 60వ రోజున వరుసలో నిలబడే అవసరం రాదు.

సీసా ఇప్పటికే ఇంట్లో ఉంటే పారేయక్కర్లేదు. బాగా కుదిపి లీటరు నీటికి 4 మి.లీ. లెక్కన 60వ రోజు తర్వాత చేసే పిచికారీలో కలిపేయండి, అదే ట్యాంకులో 2 శాతం యూరియా కూడా వేసుకోండి. పురుగుమందుతో కలపాలనుకుంటే ముందు గ్లాసులో కలిపి అరగంట ఉంచి, విరగకపోతేనే ట్యాంకులో పోయండి. 60వ రోజున మట్టిలో పడాల్సిన 28 కిలోల యూరియాని మాత్రం దాని పేరు చెప్పి తగ్గించకండి.